తన ఫోన్‌కి తానే

జ్వరానికి వేళాపాళా ఉండదంటారు గానీ, ఈ జ్వరానికి మాత్రం కొత్తమ్మాయి మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. బస్సు డిపోలో చేరి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. ఉద్యోగం ఖాయమని ఎవరూ చెప్పలేదు. అంతకుముందు ఆమె కుర్చీలో కూర్చున్నతను చెప్పకుండా ఒక్కరోజు మానేస్తే, మర్నాడు ఆ కుర్చీలో అతను లేడు.

ఆమె పనల్లా ఒంట్లో బాగాలేని డ్రైవర్లు తెల్లవారుజామున చేసే ఫోన్లు ఎత్తడం, వాళ్ల బదులు ఇంకొకరిని పంపడం. మెసేజీ పెడితే చెల్లదు, నోటితో చెప్పాలి. "గొంతు వింటే తెలిసిపోతుంది, ఎవడిది జ్వరమో ఎవడిది బద్ధకమో" అని మేనేజరు మొదటిరోజే నూరిపోశాడు.

ఇప్పుడు జ్వరం ఆమెకే. లేవబోతే గది గిర్రున తిరిగింది. డిపోది ఆమె దగ్గరున్నది ఒకటే నంబరు. చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేసింది.

"ఎవరూ ఎత్తట్లేదా?" అంది అక్క, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ.

"లేదక్కా."

"ఎత్తాల్సినవాళ్లెవరట?"

"నేనే."

అక్క తడిగుడ్డ గిన్నెలో పడేసింది. "బాగుందే సంబడం! అయితే నువ్వెళ్లి అక్కడ ఫోనెత్తు, నేనిక్కణ్ణించి చేసి నీకు బాలేదని చెప్తా."

నవ్వే ఓపిక కూడా లేదు. డిపో గేటు దాకా పోయి చెప్పి వస్తానని చెప్పులు వేసుకుంది. రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టి తిట్టిపోసింది. కూర్చుందే గానీ కాలు నిలవదు, మనసు నిలవదు. మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఎవరో ఎత్తారు.

"హలో," అంది ఓ బొంగురు గొంతు.

"ఎవరండీ?"

"నేనమ్మా, హారన్ బాబాయిని."

ఆయన పెద్ద డ్రైవరు. మామూలుగా పలకరించినా షెడ్డు అవతలివాళ్లు తిరిగి చూస్తారు కాబట్టే ఆ పేరు. ఇవాళ ఆ గొంతు పెగలడం లేదు.

"మీకేమైంది బాబాయ్?"

"జ్వరం. చెబుదామని ఎప్పట్నుంచో చేస్తున్నా, నువ్వెత్తితేగా! చెప్పకుండా మానేస్తే బాగోదని పడుతూ లేస్తూ వచ్చా. వస్తే కుర్చీ ఖాళీ, ఫోనేమో ఒకటే గోల."

పోయిన వారం నడుంనొప్పి అని ఇదే మనిషి ఫోన్ చేస్తే, "నిజంగానేనా?" అని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది.

"నాకూ జ్వరమే బాబాయ్."

"అయ్యో పిచ్చితల్లీ! ఉండు, మేనేజరొస్తున్నాడు. నే చూసుకుంటాలే." రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ వెనక ఆయన మాట వినబడింది. "రాత్రే నాకు చెప్పింది సార్, రాలేనని. అందుకే నా బండి టైమయ్యేదాకా నేనొచ్చి కూర్చున్నా."

మేనేజరు ఫోన్ అందుకున్నాడు. "ఏమ్మా, నిజమేనా?"

ఔనంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఔనంటే ఆ పెద్దమనిషి జ్వరంతోనే బండెక్కాలి.

"కాదు సార్. నేనెవరికీ చెప్పలేదు. ఆయనకే జ్వరం, సెలవడగడానికి వచ్చారు. ఇంటికి పంపించెయ్యండి."

అవతల రిజిస్టరు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. చివరికి, "మరి ఆయన బండి ఎవరు తీస్తారు?" అన్నాడు.

"కళ్లజోడు డ్రైవరు సార్. డిపో గేటు పక్కింట్లోనే ఉంటాడు."

"అతను మధ్యాహ్నం బండికి కదా?"

"పొద్దున ఎవరైనా రాకపోతే ఉంటాడని దానికి వేరే అతన్ని వేశాను సార్, నిన్ననే."

"సరే. బాబాయ్, నువ్వింటికెళ్లు!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు.

అక్క ఆత్రంగా ముందుకు వంగింది. "ఏమన్నాడే? సెలవిచ్చాడా?"

"ఇచ్చాడు."

"హమ్మయ్య!"

"బాబాయికి."

"మరి నీకో?"

ఆమె మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అడగడం మర్చిపోయానక్కా."