లైవ్ ఉందా?

నేనూ మా బావా పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లుల్లా ఊరంతా తిరుగుతున్నాం. నాది క్లారినెట్, బావది డ్రమ్. ఈ ఊరికి కొత్తగా వచ్చాం, లైవ్ మ్యూజిక్ పెట్టే హోటల్ ఎక్కడుందో తెలియదు. రెండు వారాలుగా వాయించక నా వేళ్లు ఊరుకోవడం లేదు, కూర్చున్నచోటల్లా బల్ల మీద లేని మీటలు నొక్కుతున్నాయి.

వాద్యాలు చూస్తే చందాకొచ్చామనుకుంటారని, బావను వాటితో వీధి మలుపులో నిలబెట్టి, ప్రతి హోటల్లోకీ నేనొక్కణ్నే చేతులూపుకుంటూ వెళ్లాను.

"లైవ్ ఉందా అండీ?"

మొదటి హోటలాయన టీవీలో వస్తున్న మ్యాచ్ చూపించాడు. తర్వాత నలుగురు "లేదండీ" అన్నారు. ఆ మాట చెవిన పడగానే నేను గుమ్మం దాటేశాను. బతిమాలడం మా ఇంటా వంటా లేదు.

ఆరో చోట గ్లాసులు తుడుస్తున్న యజమానురాలు కూడా "లేదండీ" అంది. విసురుగా వెనక్కి తిరిగాను. కుర్చీ కాలికి చెప్పు తగులుకుని ఊడిపోయింది. వంగి దాన్ని తొడుక్కునేలోపు ఆవిడ మాట పూర్తి చేసింది.

"వాయించేవాళ్లు దొరక్క మూడు నెలలైంది మానేసి. మీకెవరైనా తెలుసా?"

ఒక్క పరుగున బయటికొచ్చి బావను కేకేశాను.

"ఇక్కడా లేదన్నారా?" అన్నాడు నీరసంగా.

"లేదన్నారు బావా! డ్రమ్ము పట్టుకుని లోపలికి రా. రేపు ఆ లేదన్న నలుగురి దగ్గరికీ వెళ్దాం, వాళ్ల మాటా నేను పూర్తిగా వినలేదు."