జైరా అత్త ఆవలింత

క్షుద్రవిద్యల మీద మా బ్యాండు రికార్డు చేస్తున్న రోజులవి, డెబ్బైనాలుగు మార్చి. ఆర్గన్ అయింది, వెనక్కి తిప్పిన టేపులయ్యాయి. ఆఖరి పాటకి అసలైన మంత్రం కావాలని మా నాయకుడు ఎర్మెస్ పట్టుబట్టాడు.

"మీ మేనత్త దిష్టి తీస్తుందన్నావుగా ఫుల్వియో? ఆవిడ గొంతు పట్రా. లేదా నీ సింథసైజర్ మోసుకుని దయచెయ్. ఇంకోడు దొరుకుతాడు."

టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని బొలోన్యా నుంచి కొండెక్కాను. అత్త గుమ్మంలో ఇద్దరు మనుషులు, ఒక జబ్బు మేక. వాళ్ల పని అయ్యాక మంత్రం అడిగాను.

"క్రిస్మస్ ముందురాత్రి తప్ప ఇంకొకరి చెవిన వెయ్యకూడదురా. వేరే రోజు వేస్తే మంత్రం నా దగ్గరా, నీ దగ్గరా చచ్చిపోతుంది."

"ఇప్పుడు మార్చి కదత్తా!"

"అయితే డిసెంబర్లో రా. ఎందుకా మొహం? ఎవరి కన్నో తగిలింది. కూర్చో, తీస్తాను."

పంట పండిందనుకున్నాను. నాకు చెప్పకపోయినా, తీసేటప్పుడు తను చదవాలిగా! మైకు దగ్గరికి జరిపాను. పళ్లెంలో నీళ్లు పోసి, వేలితో నూనె చుక్కలు వేసింది. చుక్కలు విచ్చుకున్నాయి. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు.

"కాస్త గట్టిగా అత్తా!"

"గట్టిగా అంటే నీకు వినపడదట్రా, గాడిదా?"

అంటూనే దవడలు విరిగేలా ఆవలించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఆవలించింది. "అబ్బ, ఎంత దిష్టిరా నీకు! తీసేవాళ్లకే ఈ ఆవలింతలు."

ఎర్మెస్ టేపంతా విన్నాడు. "సైతాన్ని తెమ్మంటే నిద్రని తెచ్చావు! సరే, క్రిస్మస్ దాకా ఆగుతా."

డిసెంబర్లో, క్రిస్మస్ ముందురాత్రికి రికార్డర్ మళ్లీ మోశాను. అత్త ముందుగా ఆ మెషీన్ని కోళ్లగూట్లో పెట్టించింది. ఆ తర్వాతే నా చెవిలో చెప్పింది. చిన్న మంత్రమే. ఒక్కసారికే వచ్చేసింది.

స్టూడియోలో ఎర్మెస్ నా నోటికి మైకు ఆనించాడు. "ఊ, కానీ!"

పలికితే పాట పూర్తవుతుంది, బ్యాండులో నా చోటు నిలుస్తుంది. కానీ మంత్రం చచ్చిపోతుంది, ఆ మేకకీ, గుమ్మంలో జనానికీ రేపటి నుంచి దిక్కుండదు. తొమ్మిది నెలలు పడిగాపులు పడ్డ మాటలు నాలుక మీదే ఉన్నాయి. అత్త మీద కోపం, ఎర్మెస్ మీద కోపం, నా మీద మరీను.

నోరు తెరిచాను. ఆవలింత వచ్చింది.

ఎర్మెస్ నావైపు చూడను కూడా చూడలేదు. వంగి, నా సింథసైజర్ ప్లగ్గు పీకేశాడు.