తలకు కట్టిన మిషన్

మా ఆయన ఉపేందర్‌రావు బెల్లంపల్లి గనిలో కార్మికుల తలదీపాలకు ఛార్జింగ్ పెడతాడు. నా ఏళ్లనాటి నీరసం పోగొడతానని హైదరాబాదు నుంచి మెదడుకు తరంగాలు పంపే మిషన్ తెచ్చాడు. రోజూ అది తలకు కట్టుకుని అరగంట కళ్లు మూసుకోవాలి. ఎవరూ పలకరించకూడదు.

వారం తిరిగేసరికి పాడుకుంటూ ఇల్లంతా కడిగేశాను. ఆయన సంబరం పట్టలేక రేడియో మెకానిక్ వాహెద్‌ను పిలుచుకొచ్చాడు.

"మా అక్కకు గూడ గిసొంటిది చేస్తవా?" అని అడిగి, తనే చాయ్ పెట్టడానికి పోయాడు.

వాహెద్ మిషన్ విప్పాడు.

"దీంట్ల బ్యాటరీ లేదక్కా."

బ్యాటరీ కిటికీలో ఉంది. డ్యూటీలో చేసినట్టే మొదటిరోజే తీసి ఛార్జింగ్‌కు పెట్టి, మళ్లీ వేయడం మరిచాడు మహానుభావుడు.

"ఆయనకు చెప్పకు తమ్మీ," అన్నాను. "గిది తలకున్నంత సేపే నన్ను ఎవ్వరు పిలుస్తలేరు."