తొమ్మిదో వీధి పన్నెండు చుక్కలు

కుట్టుకొట్లో బట్టలు కత్తిరించే బల్ల మీద పాత కంప్యూటరు గుర్రుమంటోంది. దాని ముందు మిషనమ్మ. ఆ పేరు వీధి పెట్టింది: పగలంతా కుట్టుమిషను, తీరిక దొరికితే ఈ మిషను. ఎవరూ నేర్పలేదు. తప్పు చేసి, తనను తానే తిట్టుకుని, మళ్ళీ చేసి నేర్చుకుంది.

ఎనిమిదింటికి నీళ్ళ శాఖ ఇంజనీరు వస్తాడు. తొమ్మిదో వీధికి కుళాయి నీళ్ళు అందుతున్నాయని ఆయన తేలిస్తే, అక్కడికొచ్చే ట్యాంకరు రేపట్నుంచి బంద్. అందట్లేదని చూపించాల్సింది మిషనమ్మ.

ఆమె చేసిన ఏర్పాటు ఇది. ఇంటింటివాళ్ళూ పొద్దున కుళాయి తిప్పి చూసి, ఇంటి నంబరు, 'వచ్చింది' అనో 'రాలేదు' అనో ఫోన్లో సందేశం పంపుతారు. కంప్యూటర్లో నడిచే సర్వీసు దాన్ని అందుకుని, సరిచూసి, దాచి, తెర మీది వీధుల పటంలో చుక్క వెలిగిస్తుంది. వస్తే నీలం, రాకపోతే ఎరుపు. పటం ముఖం లాంటిది, అందరూ దాన్నే చూస్తారు. సర్వీసు పొట్ట. పొట్ట పనిచేయకపోతే ముఖానికి ఎంత పౌడరు రాసి ఏం లాభం?

ఏడింటికి సర్వీసు మొదలుపెట్టింది. మొదటి వీధిలో నీలం చుక్క. పక్కన మరొకటి. రెండో వీధి, మూడో వీధి... భూమి కింద నీళ్ళు నడిచిపోతున్నాయి, ఆ నడక ఇక్కడ కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళు బిందెతో నిలబడ్డ మనిషి, నీళ్ళు ఎటు నుంచి ఎటు వెళతాయో మొదటిసారి చూసింది. కత్తెర చేతిలోనే ఉండిపోయింది.

ఎనిమిదో వీధి దాకా నీలమే. తొమ్మిదో వీధిలో ఒకే ఒక్క ఎర్ర చుక్క. మిగతా పదకొండిళ్ళూ ఖాళీ. ఎందుకో చూసేలోపే ఇంజనీరు గుమ్మంలో ఉన్నాడు.

"బాగా చేశావమ్మా," అన్నాడు కళ్ళద్దాలు సర్దుకుని. "పన్నెండిళ్ళలో ఒక్కరే రాలేదన్నారు. ఆ ఇంటి గొట్టం పూడుకుపోయి ఉంటుంది. దానికి ట్యాంకరెందుకు?"

ఆయన వెనకే తొమ్మిదో వీధి నుంచి మిషనమ్మ మేనత్త వచ్చింది. "ఏమే, పన్నెండూ పంపానే. ఇల్లిల్లూ తిరిగి, కుళాయి తిప్పి మరీ పంపాను. వీధి మొత్తానికీ ఉన్నది నా ఫోనొక్కటేగా."

మిషనమ్మ తెర వైపు తిరిగింది. ఒకరే పదిసార్లు నొక్కి లెక్క చెడగొడతారని, ఒక ఫోను నుంచి ఒక్క సందేశమే తీసుకోమని సర్వీసుకు చెప్పింది తనే. ఇంటికో ఫోనుంటుందని ఆమెకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వీధిలోకి వెళ్ళి చూడకుండా కుర్చీలో కూర్చుంటే వచ్చే జబ్బు అది.

"తప్పు నాదే సార్. అయిదు నిమిషాలు కూర్చోండి."

"మంచినీళ్ళు తాగండి నాయనా," అంది మేనత్త. "మా వీధివి కావులెండి."

సర్వీసు తన ప్రతి పనీ రాసుకునే లాగ్‌ను మిషనమ్మ తెరిచింది. పదకొండు వరసలు. ప్రతి దానికీ టైము, ఇంటి నంబరు, 'రాలేదు'. చివర 'అదే ఫోను, తీసుకోలేదు'. తోసేసినదాన్ని కూడా సర్వీసు పారేయకుండా రాసిపెట్టుకుంది. ఇంటికీ ఇంటికీ మధ్య రెండేసి నిమిషాలు. నాలుగుకీ అయిదుకీ మధ్య మాత్రం తొమ్మిది.

"ఇక్కడేమైంది అత్తా?"

"అయిదో ఇల్లు మేడ మీద కదే. మోకాళ్ళు పట్టేశాయి."

మిషనమ్మ ఆ వరసను మళ్ళీ చదివింది. యంత్రం మోకాళ్ళ నొప్పిని కూడా విన్నది. వినొద్దన్నది మనిషి.

ఆ నిబంధన కొట్టేసి, ఇంటికొకటి చొప్పున, చివరగా వచ్చిన సందేశం తీసుకోమని మార్చి, సర్వీసును మళ్ళీ లేపి, పదకొండు వరసలూ అందించింది. తొమ్మిదో వీధి ఒక్కో ఇల్లే ఎర్రబడింది. ఇంజనీరు వేలు ఎనిమిదో వీధి చివర ఆగింది.

"ఇక్కడో వాల్వు ఉంది. తెరిచే ఉందని రాశాం."

"చూసి రాశారా?" అంది మేనత్త.

ఆయన లేచి, "పదండి, చూద్దాం," అన్నాడు.

మూసి ఉన్న వాల్వును తెరిపించాక, ముప్పావు గంటకు తొమ్మిదో వీధి మొదటి చుక్క నీలమైంది. తర్వాత రెండు, మూడు, నాలుగు. అయిదోది ఎర్రగానే ఉంది. రెండు నిమిషాలైంది, అయిదైంది. మిషనమ్మ కంగారుపడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెర ముందు కూర్చుంది. మేనత్త మెట్లెక్కుతోంది.