కిల్లీన్ హౌస్ వెనక మెట్లు

కిల్లీన్ హౌస్‌కి రెండు మెట్లదారులున్నాయి. ముందువైపువి పాలరాతి మెట్లు. ఇత్తడి చేతిపట్టు, మలుపు దగ్గర రంగుటద్దాల కిటికీ, కింద నలుపూ తెలుపూ గళ్ల నేల. వెనకవైపువి ఇనుప మెట్లు. ఒకప్పుడు బొగ్గు బస్తాలు మోయడానికి, ఇప్పుడు చెత్త సంచులు దింపడానికి. మూడో అంతస్తులో ఉండే కనకలత కుటుంబం వానైనా మంచైనా ఈ ఇనుప మెట్ల మీదే దిగేది.

ఇందులో కనకలత తప్పేమీ లేదు. ఆ ఇల్లు ఆమె ఒప్పుకున్నదే రంగుటద్దాల కిటికీ చూసి. కానీ పాలు పొంగించే ముందు శివార్లలోని క్లోనీ నుంచి జానకిరామ్ అంకుల్ వచ్చాడు. ఆయన వారమంతా సాఫ్ట్‌వేరు, శనాదివారాలు వాస్తు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ముందు గుమ్మం నైరుతిలో ఉందనీ, వెనక మెట్ల మీదికి తెరుచుకునే వంటింటి గుమ్మం అచ్చమైన తూర్పనీ తేల్చాడు.

"ఈ రిసెషన్‌లో నైరుతి గుమ్మంలోంచి ఆఫీసుకెళ్తే ఏమవుద్దో నేనైతే చెప్పనబ్బాయ్," అన్నాడు కనకలత భర్త కిశోర్‌తో. ఇంకేం చెప్పాలి.

కిశోర్ వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. కొలిచి చూడనిదే ఏదీ నమ్మనంటాడు. ఆ ఫ్యాక్టరీలో ప్రతి శుక్రవారం కొందరిని పిలిచి ఇంటికి పంపేస్తున్నారు. ఇంతవరకూ కిశోర్‌ని పిలవలేదు. ఆ ఘనత వంటింటి గుమ్మానికి దక్కింది. బోమాంట్ ఆసుపత్రిలో కనకలత ఫార్మసిస్టు. ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు కాబట్టి దాని ఘనత ఏ గుమ్మానికీ దక్కలేదు.

చిక్కంతా ఆ భవనం పుట్టుకలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ట్రాము కండక్టర్లు, దుకాణాల గుమాస్తాలు కలిసి సహకార సంఘం పెట్టుకుని కట్టుకున్న ఇళ్లవి. పెద్దింటివాళ్ల గడపల్లో వెనక దారిన నడిచి నడిచి విసిగిన మనుషులు. అందుకే ముందు హాల్లో ఇత్తడి పలక మీద మొదటి నియమం చెక్కించారు: ఈ ఇంట ఎవరూ ఎవరినీ వెనక మెట్ల మీద పంపరాదు. కనకలత చేరిన రోజు అది చదివి, మెచ్చుకుని, మరిచిపోయింది.

సంఘం అధ్యక్షురాలు మిసెస్ నోలన్ మరిచిపోలేదు. భవనంలో ఉన్న ఒక్క భారతీయ కుటుంబం, చిన్నపిల్లతో సహా, చెత్త మెట్ల మీద తడుస్తూ తిరుగుతోంది. అంటే ఎవరో ఏదో అని ఉండాలి. కమిటీ సిగ్గుతో తల దించుకుని ఆలోచించింది. కమిటీలోనే ఉన్న కింది అంతస్తు బ్రేడీకి ఎనభై దాటాయి. ఎవరితోనైనా పుల్ల విరిచినట్టు మాట్లాడతాడు. ఇంకెవరూ దొరకలేదు కాబట్టి అన్నది ఆయనే అని ఖాయమైంది.

ఆదివారం ముందు గుమ్మం గంట మోగింది. బియ్యం బస్తా, చెప్పుల స్టాండు పక్కకి జరిపితే గానీ తలుపు తెరుచుకోలేదు. ఎదురుగా బ్రేడీ, చేతిలో ఇంట్లో కాల్చిన స్కోన్ రొట్టెల డబ్బా.

"నేను మిమ్మల్ని వెనక మెట్ల మీద పొమ్మన్నానట. క్షమించాలి."

"మీరేమీ అనలేదు," అంది కనకలత.

"అన్నట్టు నాకూ గుర్తు లేదు. కానీ ఈ మధ్య పొయ్యి ఆర్పానో లేదో కూడా గుర్తుండటం లేదు. అందరూ అన్నారంటే అనే ఉంటాను. ఆ నియమం రాసినవాళ్లలో మా నాన్న ఒకడు."

"నిజంగా అనలేదండీ."

"మీది మంచి మనసు," అని ఆయన ఇత్తడి పట్టు పట్టుకుని దిగిపోయాడు.

కనకలత డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది.

"గురువారం మీటింగ్‌లో ఆయన్ని కమిటీలోంచి తీసేస్తారంట. అసలు సంగతి చెప్పేస్తానండీ," అంది భర్తతో.

"ఇంజినీరై ఉండి వాస్తు నమ్ముతానంటే నవ్వుతారే. కనీసం ఈ ఫ్రైడే దాకా ఆగు."

"పెద్దాయన తనకి మతి పోతుందనుకుంటున్నాడు. మన గుమ్మం కోసం."

"జస్ట్ టెల్ దెమ్, మమ్," అంది కూతురు తన్వి స్కోన్ నములుతూ. "ఇట్ విల్ బి గ్రాండ్." ఇక్కడివాళ్ల భాషలో గ్రాండ్ అంటే ఏం ఫర్వాలేదని.

గురువారం సాయంత్రం కనకలత పాలరాతి మెట్ల మీద దిగి హాల్లోకి వెళ్లింది. కిశోర్ వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చాడు. మిసెస్ నోలన్ తీర్మానం చదివి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంది. అందరికన్నా ముందు బ్రేడీ చెయ్యి లేచింది.

అది చూశాక కనకలత ఇక కూర్చోలేకపోయింది. లేచి నైరుతి, తూర్పు, శుక్రవారాలు అన్నీ చెప్పేసింది. కిశోర్ తన బూట్లని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"అయితే ఆ గుమ్మం పనిచేస్తోందా?" అని అడిగింది మిసెస్ నోలన్.

"ఇప్పటిదాకా ఆయన ఉద్యోగం ఉంది."

"మా అబ్బాయిని అదే ఫ్యాక్టరీలోంచి మొన్న వసంతంలో తీసేశారు," అంది ఆవిడ.

"అంటే నేను అనలేదన్నమాట," అన్నాడు బ్రేడీ.

"లేదు."

"ఇంకోసారి చెప్పండి."

"మీరు అనలేదు," అని గట్టిగా, హాలంతా వినపడేలా చెప్పింది కనకలత. ఆయన జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. ఆమెకీ కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున కిశోర్ వంటింటి తలుపు తెరిచేసరికి ఇనుప మెట్ల మీద జనం. ఆ భవనంలో ఏ వంటిల్లయినా తూర్పే కదా. ఇస్త్రీ చొక్కాలో నోలన్ గారబ్బాయి, పనుల్లేక కూర్చున్న రెండో అంతస్తు మేస్త్రీ, ఇంకా ఎవరెవరో. అందరూ మామూలుగా ఆ దారినే దిగేవాళ్లలా మొహాలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. కిశోర్ లంచ్ డబ్బా పట్టుకుని వరసలో నిలబడ్డాడు.

కనకలత తన్విని తీసుకుని ముందు మెట్లు దిగింది. మెట్ల మీద నరపురుగు లేదు. రంగుటద్దాల ఎరుపూ నీలం ఆమె కోటు మీద పడ్డాయి. తొందరేమీ లేనట్టు దిగింది. కింద బ్రేడీ వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఏరీ అందరూ?"

"వెనక మెట్ల మీద."

బ్రేడీ ఒకసారి ఇత్తడి పలక వైపు చూసి ఆమె వైపు తిరిగాడు.

"ఈసారి మాత్రం నేనేమీ అనలేదు," అన్నాడు. "నాకు బాగా గుర్తుంది."