దాలమ్మ హాజరు

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానా వాకిట్లో గోడకు వేలాడుతూ ఏళ్ల తరబడి ఉద్యోగం చేశాను. ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో రెక్క విరిగిన ఫ్యానుకీ చిల్లుపడ్డ కుక్కరుకీ మధ్య పడి ఉన్నాను. నన్ను ఎక్కడో దూరదేశంలో తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు బిగించారు. పని చేస్తున్నానో లేదో చూడ్డానికి వాళ్లలో ఒక పిల్ల తన వేలు పెట్టింది. మరుక్షణం ఆ ముద్ర తుడిచేశారు. ఆమె ఎవరో నాకు తెలియదు. తుడిచేసిన వాళ్లు మాకు గుర్తుండరు, మా జాతి అంతే.

కార్ఖానా యజమాని ఉండేది విశాఖపట్నంలో. నేను రాకముందు సూపర్‌వైజరు ఢిల్లేశ్వరరావు వరసల మధ్య నడుస్తూ మొహాలు చూసి హాజరు వేసేవాడు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు ఇంట్లో ఏడ్చి వచ్చారో అతనికి తెలిసేది. నేను వచ్చాక ఆ నడకతో పని లేకపోయింది. ఎవరు వచ్చారో నేను చెబుతాను. నా మాటను బట్టే కూలి, నా మాటను బట్టే టీ. పలాస మొత్తం తన బల్ల మీదున్న తెరలోకి వచ్చేసిందని యజమాని తెగ మురిసిపోయేవారట. ఆయన వేళ్లకేం, చల్లగా ఉన్నాయి. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్ల సంగతి వేరు. పిక్క పగిలితే కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా కొన్నేళ్లకు బొటనవేలి మీద గీతలు చెరిగిపోతాయి. నాకు మనిషంటే ఆ గీతలే. అవి లేనివాళ్లు ఎదురుగా నిలబడినా కనిపించరు.

దాలమ్మ అలాగే కనిపించకుండా పోయింది. ఒకరోజు వేలు పెడితే "మళ్లీ ప్రయత్నించండి" అన్నాను. చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే అన్నాను, రాలేదని రాసుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి సాయంత్రం దాకా పిక్కలు కొట్టింది. టీ మాత్రం ఇవ్వలేదు. కొద్దిరోజులకు పక్కన కూర్చునే కామేశ్వరి తన బుట్ట తెచ్చి దాలమ్మ ఒళ్లో దించబోయింది, ఆ పీట ఖాళీగా ఉందనుకుని. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఇలాగైతే విశాఖవోళ్లు నీ పేరు కొట్టేస్తారు దాలమ్మా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "మీ ఇంట్లో మంచి వేలున్నోళ్లు ఎవలున్నారు?"

"మా పిల్లుంది బాబూ."

మర్నాడు కూతురిని తీసుకొచ్చింది. అప్పుడే చదువు మానేసిన పిల్ల. వేలి మీద గీతలు ముగ్గు వేసినంత శుభ్రంగా ఉన్నాయి. ఢిల్లేశ్వరరావు ఆ వేలిని దాలమ్మ పేరు కింద ఎక్కించాడు. రోజూ పొద్దున కూతురు వేలు పెట్టి ఇంటికి పోయేది, తల్లి పనిలోకి పోయేది. మోసమే, కాదనను. మనుషులు చేసే మోసాల్లో ఇంత దయగలది నేను ఇంకోటి చూడలేదు.

ఆ వానాకాలం, పిక్కలు కాల్చే పొగకు పట్టిన దగ్గు ముదిరి దాలమ్మ చనిపోయింది. కర్మ అయ్యాక కూతురు పని అడగడానికి వచ్చింది. ఢిల్లేశ్వరరావు ఆ పిల్ల పేరు కొత్తగా ఎక్కించి వేలు పెట్టమన్నాడు. ఈ ముద్ర ముందే ఉందని కొత్త పేరు చెరిపేసి, నాలో అమర్చిన ఆడగొంతుతో పైకి చదివాను: "స్వాగతం, దాలమ్మ."

లోపల చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ గుమ్మం వైపు తిరిగి చూశారు. ముసలి ఎర్రమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాయమ్మ పేరు తీసేయండి సార్," అంది పిల్ల.

"తీస్తే ఈ వేలు ఎవలదని అడుగుతారు. నా నౌకరీ పోద్ది, నీకూ పని ఉండదు. కొన్నాళ్లు అలాగే కానీయమ్మా."

ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. పడుచు చేతులు కదా, చకచకా కొట్టేది. దాలమ్మ వేగం పెరిగిందని విశాఖకు లెక్క వెళ్లింది. యాభై దాటిన ఆడమనిషి కూడా కంప్యూటరు కన్నేసి ఉంచితే పడుచుపిల్లలా పనిచేస్తోందని యజమాని ఏదో సభలో చెబితే అందరూ చప్పట్లు కొట్టారట. దాలమ్మకు శాలువా పంపారు. కూతురు అది కప్పుకుని ఫొటోకు నిలబడింది. ఆ ఫొటో చూడలేక ఎర్రమ్మ మొహం తిప్పుకుంది.

మొదట వేళాకోళానికి దాలమ్మా అని పిలిచేవారు. తర్వాత అదే అలవాటైంది. పొగకు తల్లికి వచ్చిన దగ్గే ఆమెకూ పట్టుకుంది. ఒకరోజు కామేశ్వరి ఆమెను ఆమె సొంత పేరుతో పిలిస్తే పలకలేదు. భుజం తట్టి మళ్లీ పిలిచింది.

"ఇంకెవల్నో పిలుస్తన్నావనుకున్నాను," అంది. అన్నాక ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నా ముందు నిలబడింది. "మాయమ్మని ఒగ్గీ. నన్నూ ఒగ్గీ," అంది, వదిలేయమని. నాకు జాలేసింది. జాలిపడితే నొక్కే మీట నాలో ఎవరూ పెట్టలేదు.

చివరికి ఆమె వేలు కూడా అరిగింది. అందరి వేళ్లూ అరుగుతున్నాయని, మొహం చూసి గుర్తుపట్టే కొత్త యంత్రాన్ని పంపారు. ఢిల్లేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. "ఇది వేలు అడగదే. ఈసారి నీ పేరే ఎక్కిస్తాను. దాలమ్మ పని మానేసిందని రాసేస్తాను," అన్నాడు.

మర్నాడు ఆమె తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నన్ను ఇంకా గోడ మీంచి విప్పలేదు కనుక అంతా చూశాను. ఆమె కొత్త యంత్రానికి ఎదురుగా నిలబడింది. పాత ఫొటోలన్నీ విశాఖవాళ్లు అందులో ముందే ఎక్కించారు. వాటిలో దాలమ్మ పడుచుదనంలో పనిలో చేరినప్పటి ఫొటో కూడా ఉంది. యంత్రం ఆమె మొహాన్ని కాసేపు వెతికింది. పచ్చదీపం వెలిగింది. తెర మీద పేరు వచ్చింది: దాలమ్మ.

"నాను కాదు!" అని అరిచింది.

ఢిల్లేశ్వరరావు మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ అదే పేరు. తెర వంకా ఆమె వంకా చూసి, "మిషను అబద్ధమెందుకు సెప్తాది?" అని గొణిగాడు. నా చేత అన్నేళ్లు అబద్ధం చెప్పించిన మనిషి.

ఆమె వరస వైపు తిరిగింది. "మీరు సెప్పండే. నా పేరేటి?"

కామేశ్వరి "దా..." అని నాలుక కరుచుకుంది. ఎర్రమ్మ కళ్లు మూసుకుని వెతుక్కుంది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ నోటికి రాలేదు. నేనూ నాలో వెతికాను. చెరిపేసిన చోట ఏమీ లేదు. నాకు భయం వేసింది.

"సర్లే, నానే సెప్తాను," అని ఆమె నవ్వబోయింది.

ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది. మేమంతా ఎదురుచూశాం. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.