నలగని పేజీలు

ఉడికిన జిగురు వేలికి అంటీ అంటనట్టుండాలి. బైండరమ్మ గిన్నెలో చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసి, ఇంకో చెంచాడు నీళ్ళు పోసింది. నలభై ఏళ్ళుగా ఈ గ్రంథాలయం వెనకగదిలో చిరిగిన పుస్తకాలు బాగుచేస్తోంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. రేపట్నుంచి హాజరుపట్టీలోనూ ఉండదు. ఉద్యోగంలో ఇదే ఆఖరి రోజు.

బల్లమీదున్న నవల ఆమెకు కొత్త కాదు. ఒక కలప డిపో యజమాని కథ. తమ్ముణ్ణి వీధిలోకి నెట్టి, పోటీకొచ్చినవాళ్ళను మట్టి కరిపించి పైకొచ్చిన మనిషి. అతని భార్య దెబ్బలు తింటూ, నోరెత్తకుండా, చివరికి జ్వరంతో పోతుంది. గ్రంథాలయంలో ఇంత గిరాకీ ఉన్న పుస్తకం ఇంకొకటి లేదు. బైండరమ్మ దీనికి కుట్టు వేయడం ఇది ఐదోసారి.

వెన్ను ఊడదీసి, ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, విడదీసి వరుసగా పేర్చింది. కాగితం నలిగిన తీరు చూస్తే చాలు, చదివినవాళ్ళు ఎక్కడ ఆగారో ఆమె చెప్పగలదు. యజమాని తన పోటీదారుణ్ణి పదిమందిలో కడిగేసే చోట పేజీల మూలలు చెమటకు నల్లబడి, పాతగుడ్డలా మెత్తబడ్డాయి. అంచున పెన్సిలు రాతలు. "మగాడంటే వీడు!" ఇంకొకరి దస్తూరీలో "దెబ్బ అదిరింది." భార్య వంటింట్లో కూర్చుని వాచిన చెయ్యి చూసుకునే నాలుగు పేజీలు మాత్రం అచ్చాఫీసు నుంచి నిన్ననే వచ్చినట్టున్నాయి. వాటి చివర ఎవరో ఒకే ముక్క రాశారు: "వెళ్ళిపోవచ్చుగా, మొద్దు!"

రాతలు చెరపడం కూడా ఆమె పనే. రబ్బరు తీసుకుంది. ఈ ముక్కను మాత్రం ఇంకోసారి చదివింది. ఒకప్పుడు ఆ మాట తనూ అంది.

అప్పుడామెకు పదిహేడేళ్ళు. అమ్మానాన్నలు పోయాక అక్కాబావల ఇంట్లో ఉంటూ, అచ్చాఫీసులో బైండింగు నేర్చుకునేది. బావ మాటకారి. పై అధికారి నోరు ఎలా మూయించాడో చెబుతుంటే అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి వినేది. అదే మనిషి చెయ్యి ఇంట్లో అక్కమీద లేస్తే, విచిత్రంగా, ఆమెకు కోపం అక్కమీదే వచ్చేది. ఒకరోజు అక్క చిట్లిన పెదవి తుడుచుకుంటుంటే అనేసింది.

"నీకు రోషం లేదా అక్కా? నేనైతే ఒక్క నిమిషం ఉండను."

అక్క తల తిప్పలేదు. "నీకు పనికి టైమవుతోంది, బయల్దేరు" అంది.

ఏడాదిన్నరకు గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం చూపించీ చూపించగానే అక్క ట్రంకుపెట్టె సర్దేసింది. "పద, గది చూసుకుందాం."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకున్నావే?"

"నువ్వు పని నేర్చుకోవద్దూ? మధ్యలో నిన్నెక్కడికి లాక్కుపోను?"

ఆ జవాబు విన్న రోజు నుంచి బైండరమ్మ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు.

మూడింటికి లైబ్రేరియన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "పాఠకుల సమావేశం మొదలవుతోందమ్మా. ఇవాళ మీ బల్లమీదున్న పుస్తకం గురించే. ఈ ఒక్కరోజైనా వచ్చి కూర్చోండి."

కుట్టు పూర్తయి, ఇంకా అట్ట వేయని పుస్తకాన్ని చేతిలో పట్టుకుని వెళ్ళి, చివరి కుర్చీలో కూర్చుంది. రిటైరైన లెక్కల మాస్టారు అప్పటికే అందుకున్నారు.

"వాడు దుర్మార్గుడే, కాదనను. కానీ అనుకున్నది చేశాడండీ! మనం అనుకున్నవి అనుకుంటూనే ముసలాళ్ళమైపోయాం."

అందరూ నవ్వారు. ఆసుపత్రి నర్సు అందుకుంది. "నాకైతే ఆ భార్యను చూస్తేనే ఒళ్ళుమంట. కాళ్ళు లేవా, నోరు లేదా? తన్నించుకోవడం ఆవిడకే అలవాటైపోయింది."

"నేనొక మాట చెప్పనా?" అంది బైండరమ్మ.

తలలన్నీ తిరిగాయి. ఆమె లేచి, పుస్తకం బల్లమీద విప్పి పెట్టింది.

"ఈ పేజీలు చూడండి, ఎంత నలిగాయో. ఇక్కడ అందరూ ఆగారు. ఈ నాలుగూ చూడండి. మడత లేదు, మరక లేదు. వంటింటి తలుపుకు గొళ్ళెం బయటివైపు వేసి ఉందని రచయిత ఇక్కడే రాశాడు. ఒకే వాక్యం. గబగబా తిప్పేశాం కాబట్టి కనబడలేదు. నేనూ తిప్పేసినదాన్నే. వాడి పక్కన నిలబడితే దెబ్బ మనమీద పడదనిపిస్తుంది. తప్పు ఆవిడదే అనుకుంటే, మనకా గతి పట్టదని ధైర్యం. ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదండీ, ఇంట్లో తెలిసింది. మా అక్క అలాగే తన్నులు తింది. పిరికిదై కాదు. నేను పని నేర్చుకునేదాకా నా నెత్తిన కప్పు ఉండాలని. ఈ కుట్టు వేసే చేతులు ఆవిడ పెట్టిన భిక్ష."

ఆఖరి మాట దగ్గర ఆమె తల ఇంకాస్త పైకి లేచింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వన్నది నిజమే తల్లీ. అయినా నాకు వాడే ఇష్టం, ఏం చెయ్యను?"

"ఇష్టపడండి మాస్టారూ. మా బావ మాటలు గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆవిణ్ణి మాత్రం తిట్టకండి."

అందరూ టీ తాగుతుంటే నర్సు ఒక్కతే ఆ నాలుగు పేజీలూ నిదానంగా చదివింది. బైండరమ్మ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అంది. "దెబ్బలతో మా వార్డుకొచ్చే ఆడవాళ్ళని నేను ముందు అడిగేది అదేనండీ. ఎందుకున్నావని."

"గొళ్ళెం ఎటుందని అడగండమ్మా."

వెనకగదికి వచ్చి పుస్తకానికి అట్ట బిగించి, ప్రెస్సులో పెట్టి మర తిప్పింది. చేతులు కడుక్కుని, ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. వీడ్కోలు ప్రసంగాలేవీ వద్దని ముందే చెప్పేసింది కాబట్టి ఎవరూ వెంట రాలేదు.

గేటు దగ్గర అక్క గొడుగేసుకుని నిలబడి ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఇంకా నిటారుగానే.

"ఎండలో ఎందుకొచ్చావే?"

"ఆఖరి రోజు కదా, తీసుకెళ్దామని. మీటింగులో మాట్లాడావట? లైబ్రేరియన్ చెప్పాడు."

"నీ గురించే."

"నా గురించి చెప్పడానికేముందే, నా మొహం!" అని గొడుగు చెల్లెలి వైపు వంచి, "ఎవరైనా విన్నారా?" అంది అక్క.

"ఒకరు విన్నారు."

"చాలు, పద."

ఒకే గొడుగు కింద, అక్క భుజం మీద చెయ్యేసుకుని బైండరమ్మ మలుపు తిరిగింది.

వెనకగదిలో మేకుకు ఆమె ఏప్రాన్ వేలాడుతోంది. ఏళ్ళ జిగురు పట్టి బిరుసెక్కిన ఆ గుడ్డ, కిటికీలోంచి గాలి కొట్టినా మడత పడకుండా, లోపల మనిషి నిలబడి ఉన్నట్టే ఉంది.